తలుపు వేయని ఊరు

ఎడ్మంటన్‌లో ఆదివారం పొద్దున. బయట మంచు దట్టంగా కురుస్తోంది. కర్నూలు నుంచి వచ్చిన అవ్వ పక్కన కూర్చుని పన్నెండేళ్ల ధరణి పాతకాలపు యుద్ధాల సీరియల్ చూస్తోంది. ఒక్క ముక్కా అర్థం కావడం లేదు.

“అవ్వా, విలన్‌కి ఐదొందల గుర్రాలు, ఫిరంగులు ఉన్నాయి. ఊళ్లోవాళ్లేమో కోట తలుపు కూడా వేయలేదు. వై?”

“వాన పడతాంది గదమ్మా.”

“సో? వాన పడితే తలుపు వేయరా?”

“ఊరి చుట్టూ నల్లరేగడి. నానిందంటే ఎద్దు కాలే పైకి రాదు, ఫిరంగి బండి ఏడొస్తాది?”

“మరి వాడికి ఎవరూ చెప్పలేదా?”

“ఆ ముసలి సిపాయి చెప్పె గదా. ‘బురద నన్నేం చేస్తుంది’ అని నవ్వినాడు. ఇంక వాని పని అయిపోయినట్టే.”

“కానీ వాడు జనరల్ అవ్వా! అంత పెద్దోడికి తెలీదా?”

“పెద్దోనికి చెప్పేదెవరు, వాడు వినేదెప్పుడు?”

ధరణి మరింత తికమక పడింది. తెరమీద గుర్రాలింకా కదలనే లేదు, అవ్వ అప్పుడే యుద్ధం ముగించేసింది.

ఇంతలో వాకిట్లోంచి కారు చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

“అవ్వా, నాన్న వింటర్ టైర్లు వేయించలేదు. నిన్న అమ్మ చెప్తే నవ్వాడు.”

“ఏమని?”

“‘స్నో నన్నేం చేస్తుంది’ అని.”

అవ్వ నిట్టూర్చి టీవీ ఆపేసింది.

“పార ఏడుందో చూడు పో.”