మూత పెట్టిన గ్లాసు

అందరికీ నమస్కారం.

సంఘం పెద్దలకి, మా వీధి అక్కలకి, అన్నయ్యలకి, పని మానుకుని వచ్చిన మిల్లువాళ్ళకి, వేదిక మీదున్న పర్యావరణ శాఖ అధికారిగారికి నమస్కారం. మీరంతా మా అత్తయ్య సంతాప సభకి వచ్చారు. ఇంతమందిని ఒక్కచోట చూస్తే ఆవిడ ముందు మీ మొహాలు కాదు, మీ చొక్కాలు చూసేవారు. ఎవరి కాలరు నలిగిందో కనిపెట్టి, "ఇలా తిరుగుతున్నావేంట్రా, మా కొట్టు మూసేశామనుకుంటారు" అనేవారు. ఇప్పుడు ఆ కొట్టు నిజంగానే మూసి ఉంది. ఇస్త్రీ పెట్టె బల్ల మీద నిలబెట్టి ఉంది. దాన్ని పక్కకి తీయడానికి మా ఇంట్లో ఎవరికీ చేతులు రావడం లేదు.

నేను రెండు ముక్కలు చెప్పి దిగిపోదామనుకున్నాను. మా ఆయన కూడా అదే చెప్పారు. మైకు ముందు నిలబడటం నాకిదే మొదటిసారి. కానీ ఇందాక అధికారిగారు ఒక మాట అన్నారు. "ఆ తల్లి చేతి మంచినీళ్ళు తాగాను, ఆ తియ్యదనం ఇంకా నాలుక మీదే ఉంది" అన్నారు. మీలో చాలామంది తలలూపారు. ఆ మాట విన్నాక రెండు ముక్కలతో దిగలేను. ఆ నీళ్ళ సంగతి చెప్పి దిగుతాను.

అక్కలారా, అన్నలారా, మన వీధి నీళ్ళు పాడయ్యాయని మొదట ఎలా తెలిసింది? తాగి కాదు. చొక్కాల మీద తెలిసింది. అత్తయ్య నీళ్ళు చిలకరించి తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తే పచ్చటి మరకలు తేలేవి. పెట్టె తుప్పు పట్టిందన్నారు. పెట్టె మార్చారు. బల్ల మీద పరిచే గుడ్డ మురికిదన్నారు. గుడ్డ మార్చారు. మరకలు పోలేదు. "మా చొక్కాలకి డిజైన్లు వేస్తున్నావా ఇస్త్రీ అమ్మా" అని ఎవరో ఎత్తిపొడిస్తే, "డిజైను మిల్లువాళ్ళది నాయనా, నాది ఇస్త్రీయే" అన్నారు. మన గోడ వెనకాల రంగుల మిల్లు ఉంది. దాని కాలవ మన బోరింగు పక్కనుంచే పోతుంది. ఆవిడ నవ్వుతూనే అన్నారు. నవ్వుతూనే మరక పడ్డ ప్రతి చొక్కా మళ్ళీ ఉతికి ఇచ్చారు.

ఆ తర్వాత ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టారు. మా పాపకి కొన్న క్యాను నీళ్ళు, పెద్దవాళ్ళకి బోరింగు నీళ్ళు. పాపకి పాలు మాన్పించేదాకా నన్నూ క్యాను నీళ్ళే తాగమన్నారు. ఆవిడ మాత్రం ఆ క్యాను వైపు చూసేవారు కాదు. "ముసలి కడుపు, రాళ్ళేసినా అరుగుతుంది" అనేవారు.

మనమంతా కలిసి అర్జీ పెడితే అధికారిగారు జీపులో వచ్చారు. ఆయన మనిషి వెనక డోరు తీసి ఖాళీ సీసాలు దించాడు. బోరింగు నీళ్ళు వాటిలో పట్టి పరీక్షకి పంపాలి. వచ్చిన పని అదే. ఎండగా ఉంది. సార్ మా కొట్టు నీడలోకి వచ్చి, "అమ్మా, కాస్త మంచినీళ్ళు ఇస్తారా" అన్నారు. అత్తయ్య లోపలికి వచ్చారు. నేను అక్కడే పాపకి అన్నం పెడుతున్నాను. ఆవిడ చెయ్యి ముందు బోరింగు నీళ్ళ బిందె మీదికి వెళ్ళింది. ఆగింది. ఇంటికొచ్చిన మనిషికి ఆ నీళ్ళు ఇవ్వబుద్ధి కాలేదు. పాప క్యాను వంచి గ్లాసు నింపారు. నా కళ్ళతో నేను చూశాను.

సార్ తాగారు. మూతి తుడుచుకుని, బయటున్న మీ అందరికీ వినపడేలా, "ఇంత తియ్యటి నీళ్ళు పెట్టుకుని అర్జీలేంటయ్యా" అన్నారు. తాగి చూశాక ఇంక సీసాలెందుకన్నారు. సీసాలు మళ్ళీ జీపెక్కాయి, గలగలమంటూ, ఖాళీగా. అత్తయ్య బయటికొచ్చి నోరు తెరిచేలోగా జీపు మలుపు తిరిగింది.

మర్నాడు ఆవిడ మంచి చీర తీసి, తనే ఇస్త్రీ చేసుకుని, నన్ను తోడు తీసుకుని ఆఫీసుకి వెళ్ళారు. "బాబూ, పొరపాటు నాది. మీకిచ్చినవి బోరింగు నీళ్ళు కావు, పాప కోసం కొన్నవి. మీరొకసారి వచ్చి ఆ సీసాలు నింపుకోవాలి" అని చెప్పారు. సార్ లేచి కుర్చీ చూపించారు. "మీది ఎంత మంచి మనసమ్మా, తప్పకుండా వస్తాను" అన్నారు. దారంతా అత్తయ్య ఆయన్ని పొగుడుతూనే ఉన్నారు. "నిలబెట్టి మాట్లాడలేదే అమ్మాయ్, కూర్చోమన్నాడు" అన్నారు. ఇంటికి రాగానే బోరింగు గట్టు కడిగారు. ఆ రోజు నుంచి జీపు చప్పుడు వినపడితే చాలు, పెట్టె నిలబెట్టి వాకిట్లోకి వచ్చేవారు. కూరగాయల బండి అయినా సరే, పాల వ్యాను అయినా సరే. వచ్చి చూసి, మళ్ళీ పెట్టె అందుకునేవారు.

సార్ వచ్చారు. బోరింగు దగ్గరికి కాదు, ఈ హాలుకి వచ్చారు. మిల్లు కాలవ సంగతి తేల్చమని మీరంతా నిలదీసిన రోజు అది. పాపకి జ్వరమని నేను రాలేకపోయాను. మీరంతా ఉన్నారు. "నేనే ఆవిడ ఇంట్లో తాగాను, కావాలంటే అడగండి" అని అత్తయ్యని చూపించారట. ఆవిడ లేచి, "నేనిచ్చింది క్యాను నీళ్ళు బాబూ, మీ ఆఫీసుకొచ్చి చెప్పాను కదా" అన్నారట. అప్పుడు మీరేమన్నారు సార్? "పెద్దావిడ కదా, ఏ నీళ్ళిచ్చారో మర్చిపోయి ఉంటారు" అన్నారు. హాలు నవ్వింది. ఆవిడ కూర్చున్నారు.

ఎవరి చొక్కాకి ఏ గుండీ లేదో గుర్తుపెట్టుకునే మనిషి. చీటీ కట్టకుండా ఎవరి మూట వాళ్ళకి అందించే మనిషి. ఆ మనిషి మర్చిపోయిందా?

ఆవిడ ఇంటికొచ్చి నన్ను అడిగిన మాట మీకు చెప్పాలి. "అమ్మాయ్, నేను నిజంగా క్యాను నీళ్ళే ఇచ్చానా?" అని అడిగారు. "క్యానులోవే అత్తయ్యా, నేను చూశాను" అన్నాను. కొన్నాళ్ళకి మళ్ళీ అడిగారు. మంచాన పడ్డాక కూడా అడిగారు. కాళ్ళు వాచిపోయి, మూత్రపిండాలు పని చేయడం మానేశాక, నీరసంగా నా చెయ్యి పట్టుకుని అడిగారు. నీళ్ళు ఆవిడ ఒంటిని ఏం చేశాయో నాకు తెలియదు. డాక్టరుగారూ చెప్పలేకపోయారు, ముందు నీళ్ళు పరీక్ష చేయించమన్నారు. కానీ మీ మాట ఆవిడ్ని ఏం చేసిందో నాకు తెలుసు సార్. తన చేత్తో తను చేసిన పనిని తనే నమ్మలేని మనిషిని చేసింది.

మిల్లుని మేం ఎప్పుడూ నమ్మలేదు. అందుకే మిల్లు చేసింది మోసమని అననైనా అనను. మిమ్మల్ని నమ్మాం. మా మిల్లుని, మా కాలవని, మా నీళ్ళని చూసుకోవడానికే ప్రభుత్వం మిమ్మల్ని పెట్టిందని నమ్మాం. ఆవిడ బోరింగు గట్టు కడిగి మరీ నమ్మారు.

అందుకని ఈ మైకులో, అందరి ముందు చెబుతున్నాను. మా అత్తయ్య మర్చిపోలేదు.

సార్, మీ ముందు బల్ల మీద మూత పెట్టిన గ్లాసు ఒకటుంది. సభ మొదలవక ముందు అక్కడ పెట్టింది నేనే. అందులోవి ఈ పొద్దున బోరింగులో పట్టిన నీళ్ళు. మీరు దాన్ని ముట్టుకోలేదు, వెంట తెచ్చుకున్న సీసాలోవే తాగారు. మంచి పని చేశారు. ఇవి తాగమని నేను అడగను. వచ్చినవాళ్ళకి ఆ నీళ్ళివ్వడం మా అత్తయ్యకి చేతకాలేదు, నాకూ చేతకాదు. అందుకే మూత పెట్టాను. తాగకండి, తీసుకెళ్ళండి. అది చాలకపోతే జీపులోంచి సీసాలు దించండి. బోరింగు నేను కొట్టిపెడతాను.

ఇప్పుడు అందరూ లేచి నిలబడండి. మామయ్యా, మీరు కూర్చునే ఉండండి, పరవాలేదు. సార్, మీరూ లేవండి. కిటికీలు తెరిచే ఉన్నాయి. మనం మాటలు ఆపితే బోరింగు చప్పుడు ఇక్కడికి వినపడుతుంది. ఎవరో నీళ్ళు పట్టుకుంటున్నారు. ఆ బిందె నిండేదాకా మాట్లాడకుండా నిలబడదాం.