మాల్యాద్రి మైలేజీ తగువు

మాల్యాద్రి ఉన్నాడే, పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను మీద పనిచేస్తాడు, ఆ మాల్యాద్రి. మనిషి బంగారమనుకో. పేకాట లేదు, సిగరెట్టు లేదు, ఒకరి జోలికి పోడు. ఒక్కటే పిచ్చి. మైలేజీ పిచ్చి. పొద్దున్నే బండి ఇంటి ముందర స్టార్ట్ చెయ్యడు, వీధి చివర దిగుడు దాకా నెట్టుకుంటా పోయి అక్కడ ఎక్కుతాడు. దిగుడు కనపడితే చాలు ఇంజను ఆపేస్తాడు. ఎగువకొచ్చినప్పుడు ముందుకి వంగుతాడంట, గాలి తగలకుండా! పెళ్లాం పుట్టింటి నుంచి పనసకాయ తెచ్చుకుంటంటే, "బరువే రవణా, మైలేజీ పడిపోద్ది" అని బస్సులో వేసి పంపాడు దాన్ని, అదొక్కదాన్నే, కండక్టరుకి చెప్పి. నవ్వుతారేందీ, నేను కళ్లారా చూశా. ఆదివారమొస్తే టాంకీ కింద పైపు ఊడబీకి, ఉన్న పెట్రోలంతా సెలైను సీసాలో పట్టి, కొలుచుకుని, మళ్లీ పోసేవాడు. ఆ సీసా పట్టుకునే పని ఎవరిదనుకున్నారు, రవణమ్మదే. "ఏం మాల్యాద్రీ, ఒంట్లో ఎట్టా ఉంది" అని అడిగితే, "డెబ్బై ఇస్తంది పిన్నీ" అనేవాడు. అదీ మనిషి.

సరే, ఈ రవణమ్మకి ఒక అన్న ఉన్నాడు, వెంగయ్య. పక్క ఊరే, మనకి ఇంకాస్త లోపలికి. అతనూ ఆ ఫ్యాక్టరీలోనే, పాలిషు కాడ. వీళ్లిద్దరూ ఒకర్నొకరు బావా అంటే బావా అనుకుంటా, ఒక కంచంలో తిన్నంత ఇదిగా ఉండేవాళ్లు. బండ్లు కూడా ఒకే రోజు కొన్నారు, ఒకటే రకం, ఒకటే రంగు. అదే కొంప ముంచింది. ఏమైందంటే, ఒక పెళ్లిలో బంతిలో కూర్చున్నారు పక్కపక్కనే. మాల్యాద్రి ఎవరితోనో, నా బండి డెబ్బై ఇస్తందని మొదలుపెట్టాడు. వెంగయ్య పులిహోర కలుపుకుంటా, "దిగుళ్లన్నీ దొర్లించుకుంటా పోతే ఎడ్లబండి కూడా ఇస్తది బావా డెబ్బై" అన్నాడంట. బంతంతా గొల్లుమంది. మాల్యాద్రికి మొహం మాడిపోయింది. ఏదో ఒకటి అనాలి గదా, అనేశాడు. "నీ బండి యాడ ఇస్తదిలే, అది కూడా నీలాగే తాగుబోతుది" అన్నాడు. అంతే. వెంగయ్య ఒకప్పుడు తాగేవాడు, నిజమే, కాదనం. కానీ నలుగురి ముందర ఆ మాట. తినే విస్తరి ముందర నుంచి లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా పోయాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఒకటే రోడ్డు, ఒకటే ఫ్యాక్టరీ, ఒకటే గేటు, ఇతను అటు చూస్తే అతను ఇటు చూస్తాడు.

మగాళ్లు మాట్లాడుకోకపోతే లోకమేం ఆగిపోద్దిలే అనుకుంటారు మీరు. ఆగింది మరి. మాల్యాద్రికి ఒక కూతురు, హారిక అని. దానికి చెవులు కుట్టించాలి. చెవులు కుట్టాలంటే ఎవరి ఒళ్లో కూర్చోబెట్టాలి? మేనమామ ఒళ్లో. ఆ మేనమామ వెంగయ్య. ఇతను పిలవడు, పిలవందే అతను రాడు. ఏడాది దొర్లింది, ఇంకో ఏడాది దొర్లింది, పిల్ల బళ్లో కూడా చేరింది, చెవులు మాత్రం బోడివే. తోటి పిల్లలందరికీ కమ్మలు ఊగుతుంటే, ఇది అమ్మ బొట్టుబిళ్లలు తీసుకుని రెండు చెవులకి అంటించుకుని బడికి పోయేది. మధ్యాహ్నానికి చెమటకి ఊడిపోయేయి. ఒకరోజు ఏడ్చుకుంటా వచ్చి, "అమ్మా, నాకు మామయ్య లేడా?" అని అడిగిందంట. రవణమ్మ ఏం చెప్పుద్ది? ఉన్నాడే, రోజూ మన గుమ్మం ముందు నుంచే హారను కొట్టకుండా పోతాడే, అని చెప్పుద్దా?

ఆ పూటే ఫోను తీసింది. వాళ్ల వదినకి, అదే వెంగయ్య పెళ్లాం అంకమ్మకి. ఈ ఆడోళ్లిద్దరికీ ఏ తగువూ లేదు, మగాళ్లు పనికి పోంగానే రోజూ మాట్లాడుకునేవాళ్లే. "వదినా, ఇట్టా కాదు గానీ, మనోడి బండిలో పెట్రోలు తీసేద్దాం. కొంచెం మాత్రం ఉంచితే, జామాయిల్ తోటల కాడికి పోయి ఆగిపోద్ది. అక్కడ నరమానవుడు ఉండడు. ఎనకమాలే రెండోవాడు వస్తాడు. చూసి కూడా ఆగకుండా పోతాడా? ఎంతైనా బావ గదా!" అంది. అంకమ్మ, "బ్రహ్మాండంగా ఉంది రవణా, అట్టాగే" అంది. ఇంకో మాట లేకుండా పెట్టేశారు. అక్కడే వచ్చింది తిరకాసు, చెప్తా ఉండండి.

తెల్లారింది. మాల్యాద్రి వీధి చివర దాకా నెట్టాడు, ఎక్కాడు, పోయాడు. బండిలో పెట్రోలు చూపించే ముల్లు ఎప్పుడో పడిపోయింది, అతనికి దాని మీద నమ్మకమూ లేదు, అంతా నోటి లెక్కే. నిన్ననే పోయించా, నాలుగు రోజులు చూసే పనిలేదని ధీమా. జామాయిల్ తోటల మధ్యకి పోయేసరికి బండి ఒకసారి దగ్గింది, రెండుసార్లు దగ్గింది, ఆగిపోయింది. రిజర్వులోకి తిప్పాడు. లాభం లేదు. పక్కకి వొంచాడు. లేదు. టాంకీ పట్టుకుని ఊపాడు, లోపల చప్పుడు లేదు. ఊళ్లో ఎవరి బండి ఆగినా "మైలేజీ చూసుకోవాలయ్యా" అని నీతులు చెప్పేవాడు, నడిరోడ్డు మీద నిలబడ్డాడు. అటు చెట్లు, ఇటు చెట్లు, మధ్యలో ఇతను. ఇంకో బండి చప్పుడు వినపడింది. చూస్తే వెంగయ్య.

వెంగయ్య చూశాడు, చూసి పోయాడు. పోయి, కొంచెం దూరంలో ఆగాడు. బండి తిప్పుకుని వచ్చాడు. వచ్చాడు గానీ ఇతని మొహం చూడడే! చెట్టుకేసి చూస్తా, "పెట్రోలు అయిపోయినట్టుంది ఎవరికో" అన్నాడు. మాల్యాద్రి ఇంకో చెట్టుకేసి చూస్తా, "పెట్రోలెందుకైపోద్దీ, కార్బొరేటర్లో చెత్త పడింది" అన్నాడు. వెంగయ్య దిగి, టాంకీ మూత తీసి, ఒక కన్ను మూసి లోపలికి చూసి, "చెత్త కూడా లేదు ఇందులో" అన్నాడు. మాల్యాద్రికి మొహం చెవులదాకా ఎర్రబడింది. వెంగయ్యే మళ్లీ చెట్టుతో, "ఎక్కి కూర్చోమనండి, కాలుతో నెడతా బంకు దాకా. డ్యూటీ టైమవుతుంది" అన్నాడు.

కాలుతో నెట్టడం చూశారుగా మీరు. ముందు బండి కాలుపెట్టుకునే రాడ్డు మీద ఎనక బండివాడు కాలు ఆనించి తోసుకుంటా పోతాడు. ఇద్దరూ ఒకటే వేగంలో పోవాలి, ఒకడు అటు, ఒకడు ఇటు అయితే ఇద్దరూ పడతారు. మాట్లాడుకోకుండా అయ్యే పని కాదది. మరి వీళ్లకి మాటల్లేవు. "ముందోళ్లని బ్రేకు వెయ్యొద్దనండి!" అని వెంగయ్య గాలికి చెప్తాడు. "ఎనకోళ్లని మెల్లగా తొయ్యమనండి, గుంటొచ్చింది!" అని ఇతను గాలికి చెప్తాడు. అట్టా పోతా పోతా ఉంటే ఎగువ వచ్చింది. వెంగయ్య బండి ఒకసారి దగ్గింది. రెండుసార్లు దగ్గింది. అదీ ఆగిపోయింది.

మాల్యాద్రి ఎనక్కి తిరిగి చూశాడు. వెంగయ్య కిక్కు కొడతన్నాడు, కొడతన్నాడు, చొక్కా తడిసిపోయింది. "నిన్న సాయంత్రమే గదా కొట్టించా" అని తనలో తను అనుకుంటన్నాడు. మాల్యాద్రికి నవ్వు ఆగలేదు. "ఎంతిస్తందేందీ?" అన్నాడు. ఆ మాటకి వెంగయ్య కిక్కు వదిలేసి మీదకొచ్చాడు, కాలరు పట్టుకుంటాడేమో అన్నంత పని అయింది. సరిగ్గా అప్పుడు, వొంగి ఉన్న వెంగయ్య బండి టాంకీ కింద ఏదో తళుక్కుమంది. చూస్తే పెట్రోలు పైపుకి ఉండాల్సిన క్లిప్పు లేదు. దాని బదులు తలపిన్ను. ఆడోళ్లు జడకి పెట్టుకునే నల్ల పిన్ను, కొసన ఎర్రపూస ఉన్నది. వెంగయ్య నోరు తెరిచాడు. "ఇది అంకమ్మది" అన్నాడు. మాల్యాద్రి పరుగున తన బండి కాడికి పోయి వొంగి చూశాడు. ఇతని పైపుకి గుడ్డపీలిక చుట్టి ముడేసి ఉంది, పచ్చ చీర అంచు. పోయిన పండక్కి రవణమ్మకి తనే తెచ్చిన చీర.

ఇప్పుడు తిరకాసు చెప్తా వినండి. రవణమ్మ ఫోనులో "మనోడి బండి" అంది గదా. మనోడంటే రవణమ్మ లెక్కలో తన మొగుడు. అంకమ్మేమనుకుందీ, రవణకి మనోడంటే పుట్టింటోడు, వాళ్ల అన్న, అంటే నా మొగుడే గదా అనుకుంది. ఈమె ఇక్కడ తీసింది, ఆమె అక్కడ తీసింది. ఒకటి ఆపి ఒకటి నడపాలనుకున్నోళ్లు రెండూ ఆపారు. అయినా నన్నడిగితే అదే మంచిదైంది. ఒక్కడి బండే ఆగి రెండోవాడు ఒడ్డున పడేస్తే, పడేసినోడు ఆ మాట జీవితమంతా చెప్పుకు తిరిగేవాడు. ఇద్దరూ ఎండలో నిలబడ్డారు చూడండి, ఎక్కువాతక్కువా లేకుండా పోయింది.

ఇద్దరూ బండ్లు నెట్టుకుంటా ఎగువ ఎక్కారు. ఎక్కి, ఆయాసమొచ్చి, కల్వర్టు గోడ మీద కూలబడ్డారు. కాసేపటికి వెంగయ్య అన్నాడంట, "ఎందుకు చేసుంటారంటావు?" మాల్యాద్రి, "పిల్ల చెవులకి బొట్టుబిళ్లలు అంటించుకుంటంది" అన్నాడు. వెంగయ్య కిందకి చూశాడు. చూసి చూసి, "ఆ పెళ్లినాటికి నేను మానేసి ఆరు నెల్లు" అన్నాడు. "ఎట్టా మానానో నాకు తెలుసు, అంకమ్మకి తెలుసు. రాత్రుళ్లు చేతులు వణికేయి. నువ్వు చూస్తావు, బంతిలో నలుగురికీ చెప్తావు, మా బావ మానేశాడని, అనుకుని నీ పక్కన కూర్చున్నా." "నాకు తెలవదు" అన్నాడు మాల్యాద్రి. "తెలిసుంటే అనేవాణ్ణా? తెలవకపోయినా అనకూడదు, అన్నాను. తప్పు నాదే బావా." బావా అన్నాడు. ఎన్నాళ్లకో ఆ మాట. వెంగయ్య కళ్లు తుడుచుకుని, "ఇప్పటికీ ముట్టలా" అన్నాడు. "నేనూ ఎగతాళి చెయ్యకుండా ఉండాల్సింది. డెబ్బై అంటే డెబ్బైలే" అన్నాడు. మాల్యాద్రి అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని చూసుకుని, "డెబ్బై లేదు బావా. అరవై మీద కొంచెం" అన్నాడు. వెంగయ్య ఎట్టా నవ్వాడంటే, గోడ మీద నుంచి ఎనక్కి పడబోతే మాల్యాద్రే పట్టుకున్నాడు.

ఆ రోజు డ్యూటీ పోయింది. బంకు దాకా నెట్టుకుంటా పోయి, పోయించుకుని, ఫ్యాక్టరీకి కాకుండా ఇటు తిరిగారు. రెండు బండ్లు పక్కపక్కన వస్తంటే రవణమ్మ గుమ్మంలో చూసి, తిడతారేమోనని గబగబా లోపలికి పోయి తలుపేసుకుంది. వెంగయ్య తలుపు కాడ నిలబడి, "అమ్మాయ్, మంచినీళ్లియ్యవా?" అన్నాడు. ఆ గొంతు విని అది ఏడ్చిన ఏడుపు మా ఇంటిదాకా వినపడింది. ఆ వారంలోనే చెవులు కుట్టించారు. హారిక కిక్కురుమనలేదు, రెండు చెవులకీ కుడతంటే కళ్లు గట్టిగా మూసుకుని మామయ్య వేలు పట్టుకుంది. ఒళ్లో కూర్చోబెట్టుకున్న వెంగయ్యే చిన్నపిల్లాడల్లే వెక్కివెక్కి ఏడ్చాడు. కంసాలి, "ఎవరికి కుట్టానయ్యా నేను?" అన్నాడు.

ఇప్పుడు ఇద్దరూ ఒక బండి మీదే పోతన్నారు పనికి. ఒక వారం అతని బండి, ఒక వారం ఇతని బండి. మొన్న నేను అరుగు మీద కూర్చుంటే ఆగారు, పలకరించారు. ఎంతిస్తందయ్యా ఇప్పుడు అని అడిగా, ఊరికే. ఇద్దరూ ఒకేసారి, "ఎనభై, పిన్నీ" అన్నారు. ఇద్దరు మనుషులెక్కితే ఎనభై ఎట్టా ఇస్తదమ్మా? అయినా నేనేం మాట్లాడలా. ఇద్దరూ కలిసి ఒకే అబద్ధం చెప్తంటే, మధ్యలో నిజం చెప్పి నేనెందుకు చెడగొట్టాలి.