మూడు మీటర్ల నీళ్ళు

జలాశయం మట్టం ఒక మీటరు పడిపోయిందని వినగానే నేను దిగులుపడాలా, సంతోషపడాలా? ముప్ఫై ఆరేళ్ళుగా ఈ ప్రశ్న నాతోపాటే తిరుగుతోంది. సభకు నమస్కారమైనా చెప్పకుండా దాన్ని మీ ముందు పెట్టడం మర్యాద కాదు, అధ్యక్షులు మిన్ గారు మన్నించాలి. వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న మా దోల్నే ఊరివాళ్ళకు - ఊరు నీళ్ళ కిందికి వెళ్ళినా ఊరివాళ్ళమే కదా - వెనక నిలబడ్డ నగర నీటి సరఫరా విభాగం మిత్రులకు, పొద్దుటినుంచి ఏ మూల దాక్కుందామా అని వెతుకుతున్న ఈనాటి సన్మానితులు గు హక్సు గారికి నా వందనాలు. (నవ్వులు)

ఈ ఆనకట్ట మీద మొదటి రోజునుంచి నీటిమట్టం చూసినవారు, గేట్లు ఎత్తించినవారు, దింపించినవారు హక్సు గారు. ఆయన చేసిన పనులన్నీ మిన్ గారు చెప్పారు కాబట్టి, ఆయన చెయ్యనన్న పని ఒకటి నేను చెబుతాను.

ఆయన మా ఊరికి మొదటిసారి వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. కొండ మీది పైన్ చెట్టు మొదలుకు ఎర్ర రంగుతో గీత గీసి, నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయని చెప్పి కిందికి దిగివచ్చారు. మా ఇళ్ళన్నీ ఆ గీతకు చాలా దిగువన ఉన్నాయి. ఆయనకు ఎవరూ గుక్కెడు నీళ్ళివ్వలేదు సరికదా, తేగిల్ బాబాయి - తల దించుకోకండి బాబాయ్, అందరికీ కనిపిస్తూనే ఉన్నారు - అంట్లు కడిగిన నీళ్ళు ఆయన నెత్తిన కుమ్మరించారు.

("నెత్తిన పడ్డది కొంచెమేనమ్మా, మిగతాదంతా చొక్కా మీదే!" అని తేగిల్ గారు. పెద్దగా నవ్వులు)

మా అమ్మ మాత్రం ఆయన్ని లోపలికి పిలిచి, బియ్యం కడిగిన నీళ్ళతో కాచిన సోయా పులుసు పోసి అన్నం పెట్టింది. "తిను తమ్ముడూ. గీసింది నువ్వుగానీ గియ్యమన్నది నువ్వు కాదుగా," అంది.

బియ్యం కడిగిన మొదటి నీళ్ళు ఆవుకి, రెండోవి పులుసుకి, గిన్నెలు తొలిచినవి గుమ్మడి పాదుకి. ఏ నీళ్ళూ ఒక్క పని చేసి అమ్మ చేతిలోంచి తప్పించుకునేవి కావు. ఊరు మునిగాక ఆమె నగరంలో పద్నాలుగో అంతస్తుకు చేరింది. పెరట్లో రాతితిన్నె మీద వరసగా ఉండే, సోయా ముద్ద ఊరబెట్టే జాడీలు ఆమెతో బాల్కనీలోకి వచ్చాయి. తిన్నె రాలేదు. నేను చదువుకుని నీటి సరఫరా విభాగంలో చేరాను. నీళ్ళు పొదుపుగా వాడండని జనానికి చెప్పడం నా ఉద్యోగం.

రెండేళ్ళ కిందటి వసంతంలో చినుకు లేదు. మామూలుకన్నా మరీ ఎక్కువ వాడుతున్న ఇళ్ళ జాబితా నా బల్ల మీదికొచ్చింది. మూడో వరుసలో మా అమ్మ ఇల్లుంది. పైపు పగిలిందేమోనని పరుగెత్తాను. ఇంట్లో కొళాయిలన్నీ బార్లా తిప్పేసి, అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏంటమ్మా ఇది?"

"మునిగిన మన తిన్నె మీద నీళ్ళు ఇంక నాలుగు మీటర్లే ఉన్నాయని హక్సు ఫోన్ చేశాడు. నా వంతు నేను దించుతున్నా."

"నీ కొళాయితో జలాశయం దిగుతుందా?"

"గోడల నిండా అంటించింది మీ ఆఫీసువాళ్ళే కదే, ప్రతి చుక్కా లెక్కేనని!" (నవ్వులు)

ఇప్పుడు నాకూ నవ్వొస్తోంది. ఆ రోజు రాలేదు. ఆ జాబితాలో ఇంకో ఐదిళ్ళు కూడా దోల్నేవాళ్ళవే. ముందు వరుసలు ఉన్నట్టుండి ఎందుకు నిశ్శబ్దమయ్యాయో నాకు తెలుసు.

అప్పటికే అమ్మకు జబ్బు ముదిరింది, శరత్కాలం దాటదని డాక్టరు చెప్పేశాడు. తిన్నె మీద నీళ్ళు మూడు మీటర్లకు తగ్గిన రోజున నేను హక్సు గారి దగ్గరికి వెళ్ళి, గేటు ఎత్తి ఆ మూడు మీటర్లూ దించమని, ఒక్కసారి ఆమెను తన తిన్నె చూసుకోనివ్వమని అడిగాను. పొదుపు చెయ్యమని నగరమంతటికీ చెప్పే మనిషినై ఉండి అడిగాను. మా పై అధికారులకు ఈ సంగతి ఇవాళే తెలుస్తోంది.

"మూడు మీటర్లంటే నగరానికి నెల రోజుల తాగునీరు, యోన్‌జూ. వానెప్పుడొస్తుందో నీకు తెలుసా?"

"తెలీదు."

"నాకూ తెలీదు."

గేటు కదల్లేదు. పది రోజులు నేనాయనతో మాట్లాడలేదు. పదకొండో రోజున ఆయనే వచ్చి, అమ్మను పడవ ఎక్కించమన్నారు. నీళ్ళ నడుమ ఇంజను ఆపి, ఒడ్డున ఉన్న ఆ పైన్ చెట్టును గురి చూసి, పడవను అటూ ఇటూ జరిపి, లోతు కొలిచే గడను నీళ్ళలోకి దించి పైకొస అమ్మ చేతికిచ్చారు. అడుగున రాయి తగిలింది.

"ఇదేనా?"

"తిన్నేనక్కా. ఎడమ చివర."

తగిలింది నిజంగా రాయేనని నమ్మించడానికి ఆయన గడతో ఇంకోసారి తట్టారు.

"మెల్లగా తమ్ముడూ! జాడీలు పగుల్తాయి."

"జాడీలు నీ బాల్కనీలో ఉన్నాయి కదక్కా."

"ఉంటే ఉండనీ. మెల్లగా తట్టు."

ఇంటికొచ్చి అమ్మ కొళాయిలు కట్టేసింది. బియ్యం కడిగిన నీళ్ళు మళ్ళీ బకెట్లో పట్టింది. జూలై వానలకు జలాశయం నిండి పొంగితే, నేనడిగినదానికన్నా ఎక్కువ నీళ్ళు రెండు రోజుల్లో ఈ గేట్ల నుంచే కిందికి వదిలేశారు. ఆ శరత్కాలంలోనే అమ్మ పోయింది.

ఎగువన ఇంకో లోయలో కొత్త గీతలు గీయబోతున్నారని వింటున్నాను. నగరంలో ఇంటింటా అమ్మలాగా నీళ్ళు వాడితే ఆ లోయ మిగులుతుందేమో. అలాగని మాట ఇవ్వగలిగినంత ధైర్యం నాకు లేదు, ప్రచారం మాత్రం చేస్తూనే ఉంటాను.

హక్సు గారూ, ఈ చిన్న జాడీ మా బాల్కనీలోది. ఈ ఏటి సోయా ముద్ద ఉంది లోపల. మెల్లగా పట్టుకోండి.

నేనడిగినదానికి మీరు కాదనడం న్యాయమేనా అన్నది మాత్రం నేనింకా తేల్చుకోలేకపోయాను. గేటు ఎత్తి ఉంటే మిమ్మల్ని క్షమించేదాన్నో లేదో, అదీ తెలియదు. ఇంతసేపు ఓపికగా విన్న మీ అందరికీ, కాదనడంతో ఆగిపోకుండా పడవ తెచ్చిన మీకు కృతజ్ఞతలు చెప్పుకుని, ఇక సెలవు.