చీటీలో వచ్చిన వేషం

1966 డిసెంబరు, ఆదివారం సాయంత్రం. నాచారంలో మిల్లు వెనక లైను ఇళ్లు. మోషే ఆ మిల్లులో టైమాఫీసు గుమాస్తా. చర్చి సంఘంలో ఏటా ఆడే క్రిస్మస్ నాటకం ఆయన రాసిందే. ఎనిమిదేళ్ల తర్వాత ఈసారి కొత్తది రాశాడు. పక్కింటి రాహేలు కాగితం పట్టుకొని గడపలో నిలబడేదాకా పాపం, ఆయన కాలు నేల మీద ఆనలేదు.

“నేను కట్ట అన్న. గీ ఏషం నేను కట్ట.”

“లోపలికొచ్చి కూసో రాహేలు. జెర చాయ్ తాగు, తాగినంక మాట్లాడుకుందాం.”

“చాయ్ వద్దు. కాయితం తీసుకో.”

“చీటీల వచ్చిన ఏషం వద్దంటే ఎట్ల? పోయినేడు మరియమ్మ ఏషం నాకంటే నాకని ఎంత లొల్లయిందో సూసినవు గదా. గందుకే పాస్టరు అయ్యగారు ఈసారి చీటీలు ఏయించిన్రు. నా చేతుల ఏమున్నది?”

“చీటీ నీ చేతుల లేదు. మాటలు నీ చేతులయే గదా.”

“మాటలకేమైంది? సత్రపాయన పెండ్లాం, నాలుగు ముక్కలు. నీ గొంతు గూడ ఎనక బెంచీ దాక ఇనవడ్తది.”

“బైబిల్ల సత్రపాయనకు పెండ్లాం యాడున్నది అన్న?”

“లేదు. గదే కొత్త. ఎనిమిదేండ్ల సంది అవే గొల్లలు, అవే జ్ఞానులు, అవే దుప్పట్లు. పోరగాండ్లు మాకంటే ముందే మాటలందుకుంటున్నరు. కొత్తది రాయి మోషే అన్నరు అయ్యగారు. నెల దినాలు కాయితం ముందలేసుకొని కూసున్న. ఒక్క ముక్క రాలే. నాల రాసేటోడు సచ్చిపోయిండనుకున్న, నిజం చెప్తున్న.”

“మరి ఎట్లొచ్చింది?”

“తలుపు తీసేది మగోడు గాదు, ఆడామె అయితే ఎట్లుంటది అని ఒక పొద్దు తట్టింది. ఇగ చెయ్యి ఆగలే. రెండు దినాలల్ల అయిపోయింది. అయ్యగారు సదివి కండ్లు తుడుసుకున్నరు.”

“గట్లనే తట్టిందా?”

“గట్లనే.”

“బెత్లెహేముల సాపలెట్లొచ్చినయి?”

“ఏం సాపలు?”

“సదువు. నీ చేతిరాతనే గదా, సదువు.”

“‘మా ఇంట్ల ఉన్నయే రెండు చాపలు. మూడోది యాడ పరవాలె? ఆ కడుపు ఏసుకొని నా గడపకు రాకు.’”

“నాకు సదువు రాదు. నా బిడ్డతోని సదివిచ్చుకున్న. అది గీ ముక్క కాడ ఆగింది. ‘అమ్మా, ఇది నువ్వు చిన్నమ్మను అన్న మాట గదా’ అన్నది.”

“రాహేలు, నేను...”

“ఆగు. నా చెల్లె పాపమ్మ. ఆగస్టుల, వాన కొడుతుంటే మధ్యాహ్నం పూట వచ్చె. పెండ్లి గాక కడుపు. నా మొగడు రానియ్యొద్దన్నడు, నేను రానియ్యలే. గీ మాటనే అన్న. పొల్లు పోలే.”

“నీ పేరు రాయలే గదా. ఎవరికెరుక?”

“నాకెరుక. ఇప్పుడు నా బిడ్డకెరుక. పొద్దట్నించి అది నా మొగం సూస్తలేదు. సంఘమంత ముందల ఆ మాట నా నోట్లకెల్లి మల్ల రావాల్నా?”

“మారుస్త. సాపలు తీసేస్త. రేపటికల్ల వేరే ముక్క...”

“ముందుగాల నాకొకటి చెప్పు. నువ్వెట్ల ఇన్నవు?”

“గోడ పలుచన, రాహేలు. ఇటు దగ్గితే అటు ఇనవడ్తది.”

“అంటే ఇంట్లనే ఉన్నవు.”

“రెండో షిఫ్టు ఉండె. పోవుడానికి తయారైతున్న.”

“ఒక్కనివే?”

“మీ వదిన తల్లిగారింటికి పోయె. పాపమ్మ ముచ్చట ఏమన్న తెలిసిందా?”

“తెల్వలే. ఉప్పల్ చౌరస్తా దిక్కు నడుసుకుంట పోయింది. వరంగల్ బస్సెక్కిందని ఒకరంటరు, ఎక్కలేదని ఒకరంటరు. కాన్పు గూడ అయ్యుంటది ఈపాటికి. బతికున్నదో లేదో. అన్నం ముందల కూసుంటే ముద్ద దిగది నాకు. మాట మార్చకు అన్న.”

“మాట మారుస్తలేను.”

“తలుపు పెట్టుకొని కిటికీ సందుల నిలవడ్డ. పాపమ్మ సక్కగ నీ తలుపు కాడికొచ్చె. మూడుసార్లు కొట్టె. మోషే అన్న వాక్యం చెప్పేటోడు, తీస్తడు, ఒక్క పూటన్న ఉంచుకుంటడు అని దేవునికి మొక్కిన. తియ్యలే. అన్న డ్యూటీకి పోయిండు, దాని రాత గింతే అనుకున్న. ఇన్ని దినాలు గట్లనే అనుకున్న. అంటే ఆ పూట లోపలనే ఉన్నవు గదా?”

“ఉన్న.”

“ఆ కొట్టుడు ఇనవడలేదా?”

“ఇనవడ్డది.”

“మరి?”

“భయమైంది. ఇంట్ల ఒక్కణ్ని. కడుపుతోని ఉన్న పిల్లను లోపలికి పిలిస్తే లైన్ల ఏమంటరో, సంఘంల ఏమంటరో అని. గొళ్లెం మీద చెయ్యి గూడ పెట్టిన, రాహేలు. పెట్టి తీసుకున్న.”

“తీసుకొని కాయితం పట్టినవు.”

“అప్పుడు గాదు. నవంబరుల.”

“ఇటియ్యి ఆ కాయితం.”

“మారుస్తనంటున్న గదా.”

“మార్చకు. నేను కడత. సాపలు గూడ ఉండనియ్యి. నేనన్న మాట నేనే అంట, నా బిడ్డ ముందలనే అంట. కాని పాపమ్మ ఆ దినం రెండు తలుపులు కొట్టింది. నీ నాటకంల ఒక్కటే ఉన్నది. రెండోది గూడ రాయి.”

“ఆ తలుపు ఎనక మాటలేం లెవ్వు గదా, ఏం రాయాలె?”

“లెవ్వు. ఒక మనిషి గొళ్లెం మీద చెయ్యి పెట్టుకొని నిలవడ్తడు, అంతే. ఆ ఏషానికి మాత్రం చీటీ ఎయ్యకున్రి అన్న.”