పొలమారని పిల్ల

జూబ్లీహిల్స్‌లోని ఒక ఆసుపత్రి క్యాంటీన్. పుట్టినప్పటి నుంచీ మంచం దిగని తొమ్మిదేళ్ళ మనోజ్ఞ తల్లి సాయిసుధ, ఫిల్మ్ నగర్ ఎడిటింగ్ గదిలోంచి అప్పుడే వచ్చిన తండ్రి సృజన్.

“దానికి దగ్గే లేదు కదా సుధా! ఊపిరితిత్తులు పాడవడమేంటి?”

“దగ్గు లేకపోవడమే జబ్బంట.”

“అంటే?”

“మెతుకు ఊపిరి దారిలోకి పోతే ఎవరికైనా పొలమారుతుంది. మనూకి పొలమారడమే ఆగిపోయింది. మనమేమో ఒళ్ళు కాస్త గట్టిపడిందనుకున్నాం.”

“ఇదివరకు పొలమారితే, అమ్మమ్మ తలుచుకుంటోందని నెత్తిన తట్టేదానివి.”

“ఊఁ. ఈ ఏడాది ఎవరూ తలుచుకోలేదు.”

“మొన్న ఎక్స్‌రేలో ఏం లేదన్నారుగా?”

“వెన్ను అంత వంకరుంటే అందులో సరిగ్గా కనపడదంట. స్కానింగంటే కదలకుండా పడుకోదు. అందుకని రక్తం తీశారు. ఊపిరితిత్తులు దెబ్బతింటే వాటిలోంచి ఏదో పదార్థం రక్తంలోకి వస్తుందంట. మనూకి చాలా ఎక్కువుంది.”

“రక్తం చూసి చెప్పేస్తారా?”

“చెప్పరు. నిన్న జావలో మందు కలిపి తాగిస్తూ, అది ఎటు దిగుతోందో తెరమీద చూశారు. నేనూ చూశాను. సగం పొట్టలోకి పోలేదు.”

“మరి... ఎటు పోయింది?”

“సృజన్.”

“సరే. సరేలే. ఇప్పుడేమంటారు?”

“నోటికేం పెట్టకూడదు. పొట్టకి గొట్టం వేస్తారు. పాలైనా, జావైనా అందులోంచే.”

“ఎన్నాళ్ళు?”

“టీ చెప్పనా?”

“ఎన్నాళ్ళు సుధా?”

“ఎప్పటికీ.”

“నువ్వేంటి... వార్తలు చదివినట్టు చెబుతున్నావు?”

“ఎలా చెప్పాలి?”

“ఏమో.”

“టీ తాగు.”

“అది నన్ను చూడదు. పిలిస్తే పలకదు. నేను పప్పన్నం కలిపితే మాత్రం ఆ వాసనకే నోరు తెరుస్తుంది. మా ఇద్దరికీ ఉన్నది అదొక్కటే.”

“తెలుసు.”

“ఒక్కసారి... వినవా. ఇవాళ ఇంటికి తీసుకెళ్దాం. మెత్తగా పిసికి ఒక్క ముద్ద. నాలిక్కి రాసినట్టు, అంతే. ఒక్క ముద్దకి ఏమవుతుంది? రేపు తెచ్చి చేర్పిద్దాం, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతాను. ఏం? సుధా?”

“నువ్విలా అడుగుతావని తెలుసు. అడిగితే కాదనలేనని కూడా తెలుసు. అందుకే పొద్దున్నే నేను సంతకం పెట్టేసి, ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళాకే నీకు ఫోన్ చేశాను.”