దూది బొచ్చు

హలో… ఆ, నేనే మా. సుంకప్పనే. మధులతవా?… ఊఁ. గొంతు గుర్తు పట్టినాలే.

ఉండా… ఏదో ఉండా.

కుక్కనా? ఉండాది. దూది బాగనే ఉండాది.

తినేదంటే… సంగటి పెట్టినా. పప్పు పోసినా. మూతి తిప్పుకుంది…

పప్పులో ఉల్లిగడ్డ ఉండకూడదా? విషమా దానికి?… నాకు తెలీదు మా. గొర్ల కాడి కుక్కలు ఏం పడేసినా తింటాయి… సరే. కోడికూర, ఉప్పు లేకుండా. పెరుగన్నం. సరే.

లే, ఇప్పుడు బయట కట్టేసేది లేదు. మొదట్లో దొడ్లో కడితి. మనిషి కనపడకుంటే ఒగటే ఏడుపు. మా పెద్ద కుక్కలు వాసన చూసి పక్కకు పోయినాయి. పక్క మంద హనుమన్న నవ్వినాడు — "ఏమప్పా సుంకప్పా, తోడేలొస్తే దీన్ని సంకనెత్తుకోని ఉరుకుతావా" అని.

ఆ… మా పాప కూడా చెప్తుండె. దానికి కాపలా తెలీదు నాయనా, ఒళ్ళో కూర్చునేది ఒగటే తెలుసు అని.

ఊఁ.

మంచం కింద ఉండాది. పిలిస్తే రాదు… మొన్నటి నుంచి.

ఎందుకంటే — బొచ్చు కత్తిరించినా.

…

ఎండలకు మా. గొర్లకు బొచ్చు తీసేవాళ్ళు వచ్చినారు. ఇది అంత బొచ్చేసుకోని నాలుక బయట పెట్టి ఎగపోస్తాంది. గొర్లయినాక దీన్నీ కూర్చోబెట్టి నేనే తీసినా… ఎంతనా? మొత్తం. తోలు దాకా. తల మీద కొంచెం ఉండాది.

అరవాకు మా.

…ఆ బొచ్చే ఎండ తగలకుండా కాస్తాదా? గొర్రెకు తీస్తే సల్లగుంటాది. దీనికీ అంతే అనుకుంటి… అవును, వీపు ఎర్రగయింది. తడిగుడ్డ కప్పుతాండా… మా పాప చున్నీనే. మెత్తగుంటాదని.

ఊఁ. నీ కాడే వదిలిపెట్టి రావల్సింది. కడప రూములో నువ్వూ మా శివజ్యోతీ కలిసి సాకినారు, మీకే తెలుసు. ఆ జరంతో పోయిన పాపను ఆసుపత్రి నుంచి తెచ్చిన బండ్లోనే దీన్నీ తెచ్చుకుంటి. ఎందుకు తెచ్చుకుంటినో.

…

ఆదివారమా? తీసకపోతావా?

…తీసకపో. నా చేతిలో చచ్చిపోతాది… లేదు లేదు, కోపం లేదు. నువ్వు నిజమే చెప్తాండావు. మంత్రాలయం బస్సెక్కు. మా ఊరి స్టేజీ కాడ దిగు. నేనొచ్చి నిలబడతా.

…

మళ్ళా మొలుస్తాదా అది?… ఏడాదా. ఒగోదానికి మొలవనే మొలవదా.

ఊఁ.

పారేయలా. గొర్ల బొచ్చులో కలపలా. ఏరుగా మూట కట్టి పెట్టినా.

…దేనికంటే, దాంట్ల వెంట్రుకలుండాయి మా. నల్లవి. పొడుగువి. చెవుల ఎనక, మెడ కాడ, దూది బొచ్చులో చుట్టుకోని ఉండాయి.

నావి ఎట్లయితాయి? నాది గుండు. కర్మకు తీసింది ఇంకా రాలా. వాళ్ళమ్మ పోయి శానా ఏండ్లాయె. ఈ ఇంట్లో జడుండేది ఎవరికి.

…

మా. మధులతా… ఏడ్చాకు. నేను ఏడుస్తాండానా?

…

జడ ఇప్పుకోని, దీన్ని మెడ కాడ పెట్టుకోని పండుకుంటుండెనా… ఊఁ… నాకు తెలీదు ఇయ్యన్నీ.

…

ఆదివారం రా. తీసకపోయేకి వద్దు. చూసి పో.

చావదులే. కోడికూర వండుతా. ఎండలో వదల. ఒళ్ళో… పెట్టుకుంటా, వస్తే. రాకుంటే నేనే మంచం దిగి కింద కూర్చుంటా. కత్తిరించింది నేను. మొలిచిందాక నా కాడ ఉండల్ల… మొలవకుంటే మొలవకపోనీ. ఉండనీ.

ఏం తేవద్దు. బిస్కెట్లూ వద్దు.

…ఆ. దీన్ని దువ్వే దువ్వెన రూములో ఉండాదా?… పాప తల దువ్వుకునేదీ అదేనా? రెంటికీ ఒగటే దువ్వెనా?… నువ్వు తిడుతుంటివా. ఊఁ. తిట్టల్లలే మరి.

అది తే.

కడుగుతావా? కడగాకు మా. దాంట్ల ఏముంటే అది ఉండనీ… తెల్లదీ, నల్లదీ. ఏమీ తీయాకు. అట్లనే తే.

…ఊఁ. పెడతాండా.