ఢిల్లీ బల్ల మీద కారం గిర్ని రూలు

"నేను పెద్దగ చేసిందేం లేదు సోమక్కా, ఢిల్లీల ఒక్క మాట చెప్పొచ్చిన, అంతే" అన్నాడు దామోదర్ పటేలు, తిరుమలగిరి బస్టాండు పక్కన ఎర్రయ్య హోటల్లో రెండో చాయ అందుకుంటూ.

సోమమ్మ కారం పట్టే గిర్నికి సీలు పడి ఎండాకాలం సగం పోయింది. ఏటేటా లైసెన్సు కొత్తగా చేయించలేదని వేసిన సీలు. ఆ రూలు ఎత్తేస్తూ ఢిల్లీలో కొత్తది రాశారనీ, అది పార్లమెంటు దాటాక ఆమె మళ్లీ వస్తే సీలు తీస్తామనీ సూర్యాపేట ఆఫీసులో చెప్పారు. మిరపకాయల బస్తాలేమో వేరే ఊరి గిర్నికి పోతున్నాయి.

"పాసైందా పటేలా? గది చెప్పు."

"ఆగక్కా. చట్టం సభ చేస్తది. దాని కింద రూల్సు ఆఫీసర్లు రాస్తరు. రాసి తెచ్చి సభల బల్ల మీద పెడ్తరు. ఎవ్వరు నోరు తెర్వకుంటె పాసు. వద్దని లేస్తె లొల్లి, ఇగ అది ఖతం."

"గిదేం పద్ధతి! మా ఇంటి పంచాయితే నయం" అన్నాడు ఎర్రయ్య చిరాగ్గా.

"ఇనుండ్రి. కాయితం పెట్టంగనే నేను పోయి ముంగట కూసున్న. ఎవడన్న లేస్తుంటె కండ్లతోనే కూసోపెట్టిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దేశంల ఉన్న పనికిరాని రూల్సన్ని గదే బల్ల మీద కుప్పేసిన్రు. కోళ్ల గంపకు పర్మిషను, ఇస్త్రీ బండికి పర్మిషను... ఫట్టుమని బల్ల కాలు ఇరిగింది! నేను భుజం పెట్టిన."

"పాసైందా?"

"భుజం మీద బల్ల మోసుకుంటనే పొద్దుమూకే దాక మాట్లాడిన! గంట కొట్టి ఆపబోతె గంటనే గుంజుకున్న. రెండు దిక్కుల మెంబర్లు కుర్సీలెక్కి 'సోమక్క కారం, సోమక్క కారం' అని ఒకటే కేకలు!"

సోమమ్మ చాయ గ్లాసు టక్కున కింద పెట్టింది.

"ఎవ్వరు నోరు తెర్వకుంటేనే పాసంటివి. నువ్వేమో పొద్దుమూకే దాక మాట్లాడినంటివి. ఇగ నా గిర్ని మునిగినట్టే గద?"

దామోదర్ మిగిలిన చాయ ఒక్క గుటకలో తాగేశాడు.

"రెండిట్ల ఒకటే చెప్పు. నువ్వు గాడ ఉంటివా, రూలు పాసైందా?"

ఎర్రయ్య స్టవ్ తగ్గించి చెవి ఇటు పెట్టాడు.

"కోదాడల మా బామ్మర్ది ఇంట్ల... టీవీల సూసినక్కా."

"సభల ఎవరేమన్నరు?"

"ఎవ్వరు ఏమనలే."

సోమమ్మ కొంగు నడుముకు చెక్కి లేచింది.

"ఎర్రన్నా, సూర్యాపేట బస్సు ఎన్నింటికి?"